కన్నులు కప్పుకొని దారి చూపినవాడు

సాహసం రెండు విధాలు. ప్రాణాలకు తెగించి ముందుకు దూకేది ఒకటి. తన మీద తనకున్న నమ్మకాన్నే పరీక్షకు పెట్టేది రెండవది. మొదటిదానిని లోకం వెంటనే గుర్తిస్తుంది. చరిత్ర గ్రంథాలు దానికి అధ్యాయాలు కేటాయిస్తవి. రెండవదానికి చాలామారు ఒక పంక్తి కూడా దక్కదు. అమెరికా వైమానికుడు జేమ్స్ హెరాల్డ్ డూలిటిల్ జీవితంలో ఈ రెండు సాహసాలూ ఉన్నవి. 1942 ఏప్రిల్ 18వ తేదీన 16 బాంబరు విమానాలను ఓడ మీదినుంచి లేపి జపాను మీదికి నడిపించిన సేనానిగా అతని పేరు చరిత్ర విద్యార్థులందరికీ పరిచితమే. అంతకు 13 ఏండ్ల ముందు ఒక ఉదయాన, 15 నిమిషాలపాటు, నాలుగు ప్రక్కలా గుడ్డ కప్పిన ఆసనంలో కూర్చుండి అతడు చేసిన పని మాత్రం అంతగా ప్రచారంలోనికి రాలేదు. నేడు మబ్బులోనూ, మంచులోనూ, కటిక చీకటిలోనూ ప్రయాణికుల విమానాలు నిబ్బరంగా నేలకు దిగుతున్నవంటే, ఆ 15 నిమిషాలకు అందులో పెద్ద భాగమున్నది.

డూలిటిల్ 1896 డిసెంబరు 14న కాలిఫోర్నియాలోని అలమీడా పట్టణంలో జన్మించినాడు. తండ్రి ఫ్రాంక్ వడ్రంగి. ఉత్తరాన అలాస్కాలో బంగారం దొరుకుతున్నదన్న వార్త విని ఆ కాలంలో వేలాది మంది అక్కడికి పరుగెత్తినారు. ఫ్రాంక్ కూడా వారిలో ఒకడు. భార్య రోజా చిన్నబిడ్డను వెంటబెట్టుకొని నోమ్ అనే ఊరికి చేరుకున్నది. ఏడాదిలో పెద్దభాగం మంచు కప్పుకొని ఉండే ఆ ఊరిలో, బంగారపు ఆశతో వచ్చిన మొరటు జనం మధ్య ఆ బాలుడు పెరిగినాడు. బడిలో అందరికంటే పొట్టివాడు. పొట్టివాడిని ఏడిపించడం తోటివారికి వేడుక. ఆ వేడుకకు జవాబు పిడికిలితో చెప్పడం అతడు చిన్ననాడే నేర్చుకున్నాడు.

1908లో తల్లి అతనిని లాస్ ఏంజెలెస్ నగరానికి తీసుకొని వచ్చినది. అక్కడ ఉన్నత పాఠశాలలో ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఈ కుర్రవాని పోట్లాటలను గమనించినాడు. శిక్షించి ఊరుకొనక, అతనికి శాస్త్రీయంగా ముష్టియుద్ధం నేర్పినాడు. కోపంతో కొట్టేవాడు చివరకు ఓడిపోతాడనీ, ఆవేశాన్ని అదుపులో పెట్టుకొని ఎదుటివాని కదలికను గమనించేవాడే గెలుస్తాడనీ ఆ ఉపాధ్యాయుడు బోధించిన పాఠం. శిష్యుడు ఆ పాఠాన్ని ముష్టియుద్ధ రంగంలోనే విడిచిపెట్టలేదు. తరువాతి కాలంలో ఆకాశానికి కూడా తీసుకొని పోయినాడు. ఒక మంచి ఉపాధ్యాయుని మాట ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఇది చాలిన నిదర్శనం.

1910లో లాస్ ఏంజెలెస్ సమీపాన జరిగిన వైమానిక ప్రదర్శనలో అతడు మొదటిసారి విమానాన్ని చూచినాడు. ఇక నిలువలేదు. పత్రికలో వచ్చిన నమూనా ననుసరించి తానే ఒక గ్లైడరు కట్టి ఎగురబోయినాడు. అది విరిగిపోయినది గాని కోరిక విరగలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గనుల ఇంజనీరింగు చదువుతూ ఉండగా అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించినది. 1917లో అతడు చదువు ఆపి సైన్యంలో వైమానిక శిక్షణార్థిగా చేరినాడు. ఆ సంవత్సరమే డిసెంబరు 24న జోసెఫీన్ డేనియల్స్‌ను వివాహమాడినాడు. యుద్ధరంగానికి పోవలెనని ఎంత ఉబలాటపడినా, పై అధికారులు అతనిని స్వదేశంలోనే ఉంచి కొత్తవారికి విమానం నడపడం నేర్పే పని అప్పగించినారు. ఆ విధంగా ఈ వీరుని సైనిక జీవితం ఉపాధ్యాయ వృత్తితోనే ప్రారంభమైనది.

యుద్ధానంతరం అతడు చేసిన విన్యాసాలకు లెక్కలేదు. 1925లో ష్నైడర్ పోటీలో గంటకు 232 మైళ్ళ వేగంతో సముద్ర విమానాన్ని నడిపి గెలిచినాడు. 1927లో, అంతవరకు ఎవరికీ సాధ్యం కాని రీతిలో, తల బయటి వైపున ఉండేటట్లు ఆకాశంలో పూర్తి వలయం తిరిగినాడు. జనం అతనిని గారడీవాడన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే తాడుమీద నడిచే గారడీవాడు తాడు బిగువునూ, గాలి వాలునూ ముందే చూచుకొన్నట్లు, డూలిటిల్ ప్రతి సాహసానికి ముందు లెక్క వేసుకొనేవాడు.

1922 సెప్టెంబరులో అతడు చేసిన ప్రయాణం ఇందుకు ఉదాహరణ. ఫ్లోరిడా తీరం నుంచి కాలిఫోర్నియాలోని శాన్ డియాగో వరకు, ఒక సముద్రం ఒడ్డు నుంచి మరొక సముద్రం ఒడ్డుకు, ఒక్క దినం లోపల చేరుకోవలెనని అతని సంకల్పం. ఆగస్టులో చేసిన మొదటి ప్రయత్నంలో విమానం ఇసుక మీద పరుగు తీస్తూనే అలలలోనికి పోయి తలక్రిందులైనది. మరుసటి నెలలో తిరిగి బయలుదేరి, టెక్సాసులో ఒక్కచోట మాత్రం ఇంధనం కోసం దిగి, 21 గంటల 19 నిమిషాలలో గమ్యం చేరినాడు. దారిలో రాత్రివేళ ఉరుములతో కూడిన తుఫాను ఎదురైనది. మెరుపు మెరిసినప్పుడు నేల కనిపించేది. మెరుపు ఆరితే ఏమీ కనిపించదు. ఆ చీకటిలో అతనికి అండగా నిలిచినది విమానంలో అమర్చిన ఒక చిన్న పరికరం. విమానం ఎటు తిరుగుతున్నదో, ఏ వైపు ఒరుగుతున్నదో ఆ పరికరం సూచిస్తుంది. వైమానికుని కన్ను చేయలేని పనిని ఒక సూది చేయగలదన్న సత్యం ఆ రాత్రి అతనికి అనుభవంలోనికి వచ్చినది.

ఆ అనుభవాన్ని శాస్త్రంగా మలచుకొనవలెనని అతడు తిరిగి చదువులో ప్రవేశించినాడు. సైన్యం అనుమతితో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, 1924లో మాస్టరు పట్టాన్ని, 1925లో వైమానిక శాస్త్రంలో డాక్టరు పట్టాన్ని సంపాదించినాడు. ఆ శాస్త్రంలో అమెరికా దేశం ఇచ్చిన తొలి డాక్టరు పట్టాలలో అది ఒకటి. భూమికి దగ్గరగా ఒక వేగంతో, పైన మరొక వేగంతో వీచే గాలి విమానం నడకను ఎట్లా మారుస్తుందన్నది అతని పరిశోధనా విషయం. పందాలలో గెలిచిన చేయి ఇప్పుడు గణిత సమీకరణాలు వ్రాసినది.

ఆనాటి వైమానికులలో ఒక గర్వముండేది. మంచి వైమానికునికి పరికరాలతో పని లేదనీ, విమానం ఒరిగినా లేచినా కూర్చున్న ఆసనం ద్వారా ఒంటికే తెలిసిపోతుందనీ వారి నమ్మకం. ఆ నమ్మకం ఎందరి ప్రాణాలనో తీసినది. మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడేటప్పుడు ఏమి జరుగుతుందో గమనిస్తే ఇందులోని రహస్యం బోధపడుతుంది. గిరగిర తిరిగి ఆగిన తరువాత కూడా, కన్నులు మూసుకుంటే, ఒళ్ళు ఇంకా తిరుగుతున్నట్లే ఉంటుంది. చెవి లోపల ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలున్నవి. తల తిరిగినప్పుడు నాళం ముందుగా కదులుతుంది, ద్రవం వెనుకబడుతుంది. ఆ వ్యత్యాసాన్నిబట్టి మనకు తిరుగుతున్నట్లు తెలుస్తుంది. ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే కొంతసేపటికి ద్రవం కూడా నాళంతో సమానంగా తిరుగుతుంది. అప్పుడు వ్యత్యాసం పోతుంది. తిరుగుతున్నా తిరగనట్లే తోస్తుంది. ఆగితే ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్లు భ్రమ కలుగుతుంది.

మబ్బులో చిక్కిన వైమానికునికి సరిగా ఇదే సంభవిస్తుంది. విమానం మెల్లగా ఒక ప్రక్కకు ఒరిగి తిరుగుతూ ఉంటుంది. అతనికి మాత్రం తిన్నగా పోతున్నట్లే ఉంటుంది. విమానం ముక్కు క్రిందికి వాలుతుంది. వేగం పెరిగిన చప్పుడు విని అతడు ముక్కును పైకి లాగుతాడు. ఒరిగిన విమానాన్ని అట్లా లాగితే సుడి మరింత బిగుస్తుంది గాని విడదు. నేల కనిపించేసరికి సమయం మించిపోతుంది. విలియం ఆకర్ అనే సైనిక వైమానికుడు 1926లో తిరుగుడు కుర్చీలో కన్నులు మూసుకొని కూర్చుండి, తన ఇంద్రియాలు తనను ఎట్లా మోసగిస్తున్నవో ప్రత్యక్షంగా తెలుసుకున్నాడు. ఆపైన పలువురికి ఆ సంగతి బోధించినాడు. ఒంటిని నమ్మరాదని తెలిసినది. మరి దేనిని నమ్మవలె? ఆ ప్రశ్నకు సమాధానం వెదకే బాధ్యత డూలిటిల్ మీద పడినది.

విమానయానాభివృద్ధికోసం గుగ్గెన్‌హైమ్ కుటుంబం ఒక నిధిని నెలకొల్పినది. పొగమంచును జయించే ఉపాయం కనుగొనడం ఆ నిధి చేపట్టిన పనులలో ఒకటి. న్యూయార్కు సమీపాన లాంగ్ ఐలండులోని మిచెల్ ఫీల్డ్‌లో ఒక ప్రయోగశాల ఏర్పడినది. 1928లో సైన్యం డూలిటిల్‌ను ఆ పనికి పంపినది. ప్రయోగం సాగుతూ ఉండగానే, 1929 మార్చిలో, అతనికే ఒక గుణపాఠం ఎదురైనది. బఫెలో నగరం నుంచి రాత్రివేళ మరొక విమానంలో తిరిగి వస్తూ పొగమంచులో చిక్కుకున్నాడు. దిగడానికి ఒక్క విమానాశ్రయమైనా కనిపించలేదు. ఇంధనం అడుగంటినది. న్యూజెర్సీలో, నూవార్క్ నగరానికి సమీపాన, చెట్టుకు రెక్క తగిలించుకొని నేలమీద పడినాడు. విమానం ధ్వంసమైనది, అతనికి ప్రాణాపాయం తప్పినది. దేశంలో అంతటి నేర్పరి మరొకడు లేడని పేరు పొందినవానికే ఆ గతి పట్టినదంటే, లోపం నేర్పులో కాదు, సాధనంలో ఉన్నదని తేలిపోయినది.

ఆ సాధనాన్ని ఒక్కడు తయారుచేయలేదు. ఎల్మర్ స్పెరీ, అతని కుమారుడు కలిసి రెండు గైరోస్కోపు పరికరాలు నిర్మించినారు. బొంగరం వేగంగా తిరుగుతున్నంతసేపూ తన నిలకడను విడువదు. ఆ సూత్రమే వాటికి ఆధారం. ఒక పరికరంలో చిన్న గీత ఒకటి నింగీ నేలా కలిసే అంచును అనుకరిస్తుంది. విమానం ఒరిగితే ఆ గీత ఒరిగినట్లు కనిపిస్తుంది. రెండవది దిక్కును స్థిరంగా చూపుతుంది. మామూలు దిక్సూచి వలె మలుపులలో ఊగిసలాడదు. జర్మనీ నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన పాల్ కోల్స్‌మన్ గాలి ఒత్తిడినిబట్టి ఎత్తును చూపే ఆల్టిమీటరును గడియారమంత సూక్ష్మంగా తయారుచేసినాడు. నేల ఎంత దూరాన ఉన్నదో అంత నమ్మకంగా చెప్పగల పరికరం అంతకుముందు లేదు. ప్రభుత్వ ప్రమాణాల సంస్థవారు రేడియో దారిని ఏర్పాటు చేసినారు. విమానంలో రెండు సన్నని లోహపు రేకులు రేడియో తరంగాలకు కంపిస్తూ ఉంటవి. దారిమీద ఉన్నప్పుడు రెండూ సమానంగా కంపిస్తవి. ప్రక్కకు తొలగితే ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా కంపిస్తవి. విమానాశ్రయం సమీపానికి వచ్చినట్లు తెలుపడానికి మరొక సంకేతం. ఇందరు చేసిన వాటిని ఒకచోట అమర్చి, ఒకదాని తరువాత ఒకటి చూచే క్రమాన్ని అలవరచుకొని, గుడ్డ కప్పిన ఆసనంలో కూర్చుండి డూలిటిల్ మళ్ళీ మళ్ళీ అభ్యాసం చేసినాడు.

1929 సెప్టెంబరు 24 ఉదయం మిచెల్ ఫీల్డ్‌ను పొగమంచు కప్పినది. డూలిటిల్ ఒంటరిగానే లేచి ఒకమారు చుట్టివచ్చి దిగినాడు. తరువాత నిధి అధ్యక్షుడు హారీ గుగ్గెన్‌హైమ్ తదితరులు వచ్చి చేరినారు. అందరి ఎదుట అధికారికంగా మరొకమారు ఎగురవలసి వచ్చినది. అప్పటికి మంచు కొంత విడిపోయినది. మంచు విడితే పరీక్ష సులువు కావలెను గదా అనుకుంటాము. కాని ఆకాశం తేటపడినకొద్దీ ఇతర విమానాలు కూడా ఆ పరిసరాలలో ఎగురవచ్చును. గుడ్డ క్రింద కూర్చున్నవానికి అవి కనిపించవు. అందుచేత ముందు ఆసనంలో మరొకడు కూర్చుండి బయటికి చూస్తూ ఉండవలెనని గుగ్గెన్‌హైమ్ పట్టుబట్టినాడు. లెఫ్టినెంట్ బెంజమిన్ కెల్సీ ఆ స్థానంలో కూర్చున్నాడు. విమానాన్ని తాను నడపడం లేదని చూచేవారందరికీ తెలిసేటట్లు చేతులు పైకి కనిపించేలా ఉంచినాడు.

ఎన్.వై.2 అనే ఆ రెండు రెక్కల శిక్షణ విమానం నేల విడిచినది. డూలిటిల్‌కు కనిపించేవి సూదులు, గీతలు, వణికే రేకులు మాత్రమే. సుమారు 1,000 అడుగులు ఎక్కి, పడమరకు కొన్ని మైళ్ళు పోయి, వెనుకకు తిరిగి, విమానాశ్రయాన్ని దాటి, మళ్ళీ తిరిగి రేడియో దారిని పట్టుకొని క్రమంగా దిగినాడు. చక్రాలు నేలను తాకినవి. ఎక్కడ బయలుదేరినాడో దానికి చేరువలోనే ఆగినాడు. మొత్తం 15 నిమిషాలు. కెల్సీ ఒక్కమారు కూడా చేయి చేసుకోలేదు. చూచినవారు ఆశ్చర్యపోయినారు. డూలిటిల్ మాత్రం తన దిగుడు అంత పొందికగా లేదని తన్ను తానే తప్పు పట్టుకొన్నాడు. బయటి చూపు అనేది లేకుండా, పరికరాలను మాత్రమే నమ్మి, ఒక విమానం లేచి, దారి తిరిగి, దిగడం ప్రపంచ చరిత్రలో అదే ప్రథమం.

ఆ దృశ్యంలో ఇద్దరున్నారన్న సంగతి మరువరాదు. గుడ్డ క్రింద ఉన్నవాడు పరికరాలను నమ్మినాడు. ముందున్నవాడు ఆకాశాన్ని కాచినాడు. ఈ రెండవవాని పని అప్పటికి చిన్నదిగా తోచినది. పోనుపోను అదే పెద్ద సమస్యగా పరిణమించినది. మంచులో ఒక్క విమానం దిగడం సాధ్యమైతే పది విమానాలు దిగడానికి వస్తవి. ఒకదానికొకటి కనిపించని పది విమానాలను ఎవరు వేరుపరచవలె? వైమానికునికి తన చోటు తెలుసును గాని ఎదుటివాని చోటు తెలియదు. అందరి చోట్లూ తెలిసినవాడు నేలమీద ఒకడు కావలసివచ్చినాడు. 1930లో క్లీవ్‌లాండు విమానాశ్రయంలో రేడియోతో మాట్లాడే కంట్రోలు టవరు వెలిసినది. 1935 డిసెంబరులో విమాన సంస్థలు కలిసి నూవార్క్‌లో మార్గాల నియంత్రణ కేంద్రాన్ని తెరచినవి. 1936లో ప్రభుత్వం ఆ పనిని స్వీకరించినది. టెలిఫోనులో వార్తలు వింటూ, పటం మీద చిన్న గుర్తులను జరుపుతూ, ఏ విమానం ఎక్కడ, ఎంత ఎత్తున ఉన్నదో ఆనాటి కంట్రోలర్లు అంచనా వేసేవారు.

ఈ మధ్యలో డూలిటిల్ 1930లో సైన్యంలో పూర్తికాలపు ఉద్యోగం విడిచి షెల్ చమురు సంస్థలో చేరినాడు. 100 ఆక్టేను ఇంధనం తయారుచేయవలెనని సంస్థను ఒప్పించినాడు. తరువాత వచ్చిన యుద్ధంలో ఆ ఇంధనం విలువ తెలిసినది. 1932లో థాంప్సన్ పోటీలో గెలిచిన పిమ్మట పందాలకు స్వస్తి చెప్పినాడు. విమానయానం ప్రదర్శన దశను దాటి సేవాదశకు రావలెనని అతని అభిప్రాయం.

1940లో తిరిగి సైనిక విధులలో ప్రవేశించినాడు. 1942 ఏప్రిల్ 18న హార్నెట్ అనే ఓడ మీదినుంచి 16 బి-25 విమానాలు, 80 మంది మనుషులు, అతని నాయకత్వంలో జపాను మీదికి బయలుదేరినారు. శత్రువుల పడవ ముందుగానే కనిపించినందున, అనుకొన్నదానికంటే చాలా దూరం నుంచి బయలుదేరవలసి వచ్చినది. బాంబులు వేసిన తరువాత చైనాలో దిగవలెను. చైనా తీరం చేరేసరికి రాత్రి, వాన, మబ్బు. దిగవలసిన చోటినుంచి రావలసిన రేడియో సంకేతం రాలేదు. పరికరాలతో విమానాన్ని నడపడంలో లోకానికే గురువైనవాడు పరికరాల ఆధారంతో ఇంధనం ఉన్నంతవరకు ముందుకు సాగి, చివరకు తన వారితో పాటు చీకటిలోనికి గొడుగు కట్టుకొని దూకినాడు. ఒక వరిపొలంలో పడినాడు. మంచి పరికరాలున్నా, మంచి చేయి ఉన్నా, నేలమీదినుంచి పలికేవాడు లేకపోతే ఏమవుతుందో ఆ రాత్రి తెలియజెప్పినది. ఒక్క విమానం రష్యాలో దిగినది. తక్కిన 15 నాశనమైనవి. ముగ్గురు ప్రమాదాలలో మరణించినారు. ఎనిమిది మంది జపానువారికి చిక్కగా ముగ్గురిని వారు కాల్చి చంపినారు. ఒకడు చెరలో మరణించినాడు. ఈ వైమానికులను కాపాడిన చైనా గ్రామాల మీద జపాను సైన్యం కక్ష తీర్చుకొన్నది; వేలాది నిరపరాధులు బలియైనారు. విమానాలన్నీ పోగొట్టుకొన్నందుకు తన్ను విచారణకు పెడతారని డూలిటిల్ అనుకొన్నాడు. దేశం అతనికి అత్యున్నతమైన సైనిక గౌరవ పతకాన్ని ఇచ్చినది.

ఆ తరువాత అతడు ఆఫ్రికా, ఐరోపా రంగాలలో పెద్ద వైమానిక దళాలకు అధిపతియై, యుద్ధం ముగిసిన పిమ్మట షెల్ సంస్థకు తిరిగి వచ్చినాడు. కాని 1929లో తాను పడిన నూవార్క్ పరిసరాలే అతనిని మరొకమారు పిలిచినవి. 1951 డిసెంబరు 16న, 1952 జనవరి 22న, ఫిబ్రవరి 11న నూవార్క్ విమానాశ్రయానికి ఆనుకొని ఉన్న ఎలిజబెత్ పట్టణం మీద మూడు ప్రయాణికుల విమానాలు కూలినవి. రెండు నెలల వ్యవధిలో 100 మందికి పైగా మరణించినారు. వారిలో తమ ఇళ్ళలో ఉన్నవారు కూడా ఉన్నారు. రెండవ విమానం మబ్బు తక్కువ ఎత్తున కమ్మి ఉండగా పరికరాల ఆధారంతో దిగబోతూ కూలినది. ప్రజలు ఆగ్రహించినారు. విమానాశ్రయాన్ని మూసివేసినారు. అధ్యక్షుడు ట్రూమన్ డూలిటిల్ అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని నియమించినాడు.

ఇక్కడ అతడు రెండు న్యాయాల మధ్య నిలువవలసి వచ్చినది. ఇంటిమీద విమానం పడుతుందేమోనని భయపడే తల్లికి విమానాశ్రయమే వద్దు. దేశానికి విమానాలు లేకుండా సాగదు. విమానాశ్రయాలను ఎత్తివేయడం పరిష్కారం కాదని సంఘం తేల్చినది. కాని పొరుగువారి భయం అర్థం లేనిదని కూడా అనలేదు. 1952 మేలో సమర్పించిన నివేదికలో, రన్‌వే కొసలకు ఎదురుగా ఇళ్ళు లేని ఖాళీ స్థలం ఉండవలెనన్నారు. దిగే దారిని చూపే రేడియో సాధనాలను, రాడారును త్వరగా నెలకొల్పవలెనన్నారు. రద్దీ ఎక్కువగా ఉన్న విమానాశ్రయాలలో శిక్షణ విమానాల రాకపోకలను వీలైనంత తగ్గించవలెనన్నారు. అటువంటి చోట్ల ఆకాశంలో తిరిగే విమానాలు కంట్రోలర్ల నియంత్రణకు లోబడి ఉండవలెనన్నారు. ఆ సంవత్సరమే నవంబరులో నూవార్క్ విమానాశ్రయాన్ని తిరిగి తెరచినారు.

అభ్యాసం చేయకుండా వైమానికుడు తయారు కాడు. రద్దీలో అభ్యాసం చేస్తే ప్రయాణికులకు ప్రమాదం. ఈ చిక్కును డూలిటిల్ కంటే బాగుగా ఎరిగినవాడు లేడు. ఆకాశంలో కన్నులు కప్పుకొని అభ్యాసం చేసినవారిలో అతడు అగ్రగణ్యుడు గదా. అయినా ఆ సూచనలన్నీ వెంటనే అమలు కాలేదు. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ లోయ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది మరణించిన తరువాతనే దేశం మేల్కొన్నది. 1958లో వచ్చిన చట్టం ఆకాశమార్గాల నియంత్రణను ఒక్క సంస్థ చేతికి అప్పగించినది.

నేడు అమెరికాలో మేఘమార్గ విద్య నేర్చుకొనే విద్యార్థిని చూస్తే 1929 నాటి దృశ్యమే కనిపిస్తుంది. తేట ఆకాశంలోనే ఎగురుతూ, బయటి చూపు కనబడకుండా కన్నులకు అడ్డు పెట్టుకొంటాడు. అర్హత గల మరొక వైమానికుడు ప్రక్కన కూర్చుండి బయటికి చూస్తూ ఉండవలెనని చట్టమే విధించినది. అది కెల్సీ స్థానం. పెద్ద విమానాశ్రయం చేరువలో అభ్యాసం చేయదలచితే, అతడు ముందుగా కంట్రోలరును పిలిచి తానెవరో, ఎక్కడ, ఎంత ఎత్తున ఉన్నాడో, ఏ దారిలో దిగదలచినాడో, దిగిన తరువాత ఆగుతాడో, నేలను తాకక తిరిగి లేచిపోతాడో తెలుపుకోవలెను. అన్నిటికంటే రద్దీగా ఉండే గగనభాగంలోనికి స్పష్టమైన అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. దానికి తరువాతి తరగతి గగనభాగంలోనికి కంట్రోలరుతో ఇరువైపులా మాట కలిసిన తరువాతనే ప్రవేశించవలెను. ఆ హద్దులకు వెలుపల అంత నిర్బంధం లేకపోయినా, దిగే దారి ఇతరుల దారులను దాటుతుంది గనుక బుద్ధిమంతుడు పలుకరించకుండా పోడు.

పని ఒత్తిడి ఎక్కువగా ఉంటే కంట్రోలరు ఆగుమనవచ్చు, వీలు కాదనవచ్చు. అందుకు కోపించే హక్కు విద్యార్థికి లేదు. అటువైపున వందలాది ప్రయాణికులతో వచ్చే విమానాలు ఉండవచ్చు. మన వేదపాఠశాలలో శిష్యుడు సంత చెప్పుకొన్నట్లు, కంట్రోలరు చెప్పిన ఆజ్ఞను వైమానికుడు తిరిగి పలుకుతాడు. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాడు. తన చేత కాని పనిని చెప్పితే చేత కాదని వెంటనే చెప్పుతాడు. అభ్యాసానికి అనుమతి దొరికినంత మాత్రాన మబ్బులోనికి దూరే అధికారం రాదు; తేట ఆకాశంలో ఇతర విమానాలను చూచి తప్పుకొనే బాధ్యత తీరిపోదు. నమ్మవలసిన దానిని నమ్ముతూ, కావలసినంత మెలకువతో ఉండడమే ఈ విద్యకు ప్రాణం.

డూలిటిల్ దీర్ఘాయుష్మంతుడు. 1956 నుంచి 1958 వరకు జాతీయ వైమానిక సలహా సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు; ఆ సంఘం నుంచే అంతరిక్ష సంస్థ నాసా పుట్టినది. 1985లో అతనికి పూర్తి జనరల్ హోదా లభించినది. భార్య జోసెఫీన్ తమ ఇంటికి వచ్చిన అతిథుల చేత మేజాగుడ్డ మీద సంతకాలు చేయించి, వాటిమీద నల్లదారంతో కుట్టు వేసేది. ఆ గుడ్డమీద వైమానిక చరిత్రలోని పేర్లు వందలుగా నిలిచినవి. ఆమె 1988 డిసెంబరు 24న, వారి వివాహమై సరిగా 71 ఏండ్లు నిండిననాడు, కన్నుమూసినది. డూలిటిల్ 1993 సెప్టెంబరు 27న, 96 ఏండ్ల వయస్సులో, కాలిఫోర్నియాలో మరణించినాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో భార్య సమాధి చెంతనే అతని సమాధి ఉన్నది.

ఓడ మీదినుంచి బాంబరు విమానాన్ని లేపిన ధైర్యం యుద్ధకాలానికి చెందినది. అది మరల అవసరం కాకూడదనే లోకం కోరుకుంటుంది. గుడ్డ క్రింద చూపిన ధైర్యం నిత్యావసరమైనది. తన ఒళ్ళు చెప్పేది అబద్ధం కావచ్చునని ఒప్పుకోవడం, తన కంటికి అందనిది మరొకనికి కనిపిస్తున్నదని గ్రహించడం, ఆ మరొకని మాటను సకాలంలో వినడం బలవంతులకు సులభంగా అబ్బే గుణాలు కావు. పిడికిలి బిగించి పెరిగిన ఒక పొట్టి కుర్రవాడు వాటిని అలవరచుకొన్నాడు. అతనికి తెలియని కోట్లాది ప్రయాణికులు, అతని పేరైనా ఎరుగకుండా, మబ్బులు దాటి తమ తమ ఇళ్ళకు క్షేమంగా చేరుకుంటున్నారు.